వానలు ముదిరేలోపు: కామెర్ల విషయంలో ఇవి చూసుకోండి

వానలు పడితే హైదరాబాద్‌లో మురుగు, మంచినీళ్లు ఎక్కడ కలుస్తున్నాయో తెలిసిపోతుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు వచ్చేది ఆ దారినే.

– కళ్లు పచ్చబడితే పసరు మందుకు పరుగెత్తకండి. ముందు రక్తపరీక్ష: బిలిరుబిన్ (కామెర్లు ఎంతున్నాయో), ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతిందేమో), పీటీ (రక్తం గడ్డకట్టే సమయం), ఏ వైరసో తేల్చేవి. హెపటైటిస్ ఎ చాలామందికి దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం పసరుకు వస్తుంది. అదే బి అయితే ఏళ్ల తరబడి లోపల లివర్ పాడవుతూ ఉండొచ్చు. మనిషి మత్తుగా ఉన్నా, తికమకగా మాట్లాడినా నేరుగా ఎమర్జెన్సీకే.

– గర్భిణికి కామెర్లంటే ఆ రోజే ఆసుపత్రి. చివరి మూడు నెలల్లో హెపటైటిస్ ఇ సోకితే 100 మందిలో 20-25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది.

– సంపు మూత, దాని పక్కనున్న మ్యాన్‌హోల్ చూడండి. నీళ్లు వాసనొస్తే జలమండలి 155313కి ఫోన్ చేయండి.

– తాగే నీళ్లు తెర్లాక ఇంకో నిమిషం మరగాలి. పానీపూరీ నీళ్లను ఎవరూ మరిగించరు. (మా ఇంట్లో ఈ మాట ఎవరూ వినరనుకోండి.)

– ఎ, బి లకు టీకాలున్నాయి. బిడ్డకు బి టీకా మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపే పడాలి, తల్లి నుంచి సోకకుండా.

– సి కి టీకా లేదు, మాత్రలతో మాత్రం చాలామందికి నయమవుతుంది. ఇది ముఖ్యంగా రక్తం ద్వారా వస్తుంది; బి రక్తంతో పాటు లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు కూడా వస్తుంది. కలిసి తింటే రావు, అందుకని కంచం వేరు పెట్టకండి. సెలూన్‌లో కొత్త బ్లేడు అడగండి.