దుమ్ము ఊళ్లలో డీవీడీ ప్లేయర్‌ను అమర్చుకోవడం, కాపాడుకోవడం ఎలా?

అనంతపురం వైపు డీవీడీ ప్లేయర్లు పాతబడి పోయేదానికంటే దుమ్ము పట్టి మూలపడేవే ఎక్కువ. ఆషాఢం గాలి మొదలైతే కిటికీలు మూసినా సన్నటి మట్టి లోపలికి వస్తుంది. తాడిపత్రి లాంటి చోట బండల పాలిష్ పొడి దీనికి తోడు. 'నో డిస్క్' అని వచ్చిందని ప్లేయర్‌ను పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేయకండి. బీరువాలో దాచిన పెళ్లి డీవీడీలు చూడాలంటే అదే కావాలి.

ముందు చోటు చూసుకోండి

మన ఇళ్లల్లో టీవీ పక్కన గోడలో కడప బండలతో అరలు ఉంటాయి. బండ గట్టిది, చెదలు పట్టదు. కానీ అర మూడు వైపులా మూసి ఉంటుంది కాబట్టి వేడి బయటికి పోదు. ప్లేయర్ వెనకా పక్కలా నాలుగు వేళ్ల సందు వదలండి. సెట్ టాప్ బాక్స్ మీద గానీ, ఆంప్లిఫైయర్ మీద గానీ పెట్టొద్దు. ఎండాకాలంలో గది వేడే నలభై డిగ్రీల దగ్గర ఉంటుంది, దానికి మిషన్ వేడి కలిస్తే కష్టం. వాడనప్పుడు పైన పలుచటి గుడ్డ కప్పండి, ఆన్ చేసే ముందు తప్పకుండా తీసేయండి.

వైర్లు కలపడం

రెండింటి స్విచ్‌లూ ఆపి మొదలుపెట్టండి. ప్లేయర్‌కూ టీవీకీ హెచ్‌డీఎంఐ ఉంటే ఆ ఒక్క కేబుల్ చాలు, బొమ్మా శబ్దమూ రెండూ అందులోనే వస్తాయి. లేకపోతే మూడు రంగుల వైరు: పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి. తర్వాత టీవీ రిమోట్‌లో 'సోర్స్' నొక్కి, ఏ సాకెట్‌లో పెట్టారో అది ఎంచుకోండి.

కొత్త టీవీల్లో చిక్కు ఇక్కడే వస్తుంది. కొన్నింటిలో పసుపు పిన్నుకు వేరే సాకెట్ ఉండదు, ఆకుపచ్చ సాకెట్‌లోనే పెట్టాలి. బొమ్మ నలుపు తెలుపులో వస్తుంటే టీవీ 'కాంపోనెంట్'లో ఉందేమో చూసి 'ఏవీ'కి మార్చండి. ఇంకొన్ని టీవీలకు ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటి చిన్న సాకెట్ ఉంటుంది, దానికి సరిపోయే అడాప్టర్ వైరు కొనాలి.

ప్లేయర్ సెటప్ మెనూలో టీవీ ఆకారం 16:9, టీవీ రకం పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) పెట్టండి. మాటలు మెల్లగా, పాటలు గట్టిగా వినిపిస్తే ఆడియోను స్టీరియోకు మార్చండి. విదేశాల నుంచి తెచ్చిన డిస్క్ ఆడకపోతే ప్లేయర్‌ను అనుమానించొద్దు. సినిమా డిస్క్‌లకూ ప్లేయర్లకూ ప్రాంతాన్ని బట్టి 'రీజియన్' అనే కోడ్ ఉంటుంది: మన దేశం రీజియన్ 5, అమెరికా రీజియన్ 1. కోడ్ కలవకపోతే డిస్క్ బాగున్నా ఆడదు.

డిస్క్ తుడవడం

చాలామంది డిస్క్‌ను చొక్కా అంచుతో గుండ్రంగా తిప్పి తుడుస్తారు. దీనివల్లే ఎక్కువ డిస్క్‌లు పాడవుతున్నాయి. సమాచారం గుండ్రటి గీతలా చుట్టుకొని ఉంటుంది. గుండ్రంగా పడిన గీత ఆ దారి వెంటే పోయి చాలా సమాచారాన్ని ఒకేసారి చెడగొడుతుంది. అడ్డంగా పడిన చిన్న గీతను ప్లేయర్ చాలావరకు సర్దుకోగలదు. అందుకని నడిమి రంధ్రం నుంచి అంచుకు నేరుగా తుడవండి. ముందు దుమ్మును ఊదే బల్బుతో దులపాలి, నోటితో ఊదితే తుంపర పడుతుంది. ఆ తర్వాత కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ వాడండి. జిడ్డు ఉంటే గుడ్డను నీళ్లతో కొద్దిగా తడపండి. పెట్రోలు, థిన్నర్ అసలు తాకించొద్దు.

'నో డిస్క్' వస్తే

ముందు వేరే డిస్క్ వేసి చూడండి. ఏదీ ఆడకపోతే చాలాసార్లు లెన్స్ మీద దుమ్ము ఉంటుంది. చిన్న బ్రష్ ఉన్న లెన్స్ క్లీనర్ డిస్క్ ఒకసారి ఆడించండి. అయినా మారకపోతే మెకానిక్‌కు ఇచ్చి, లెన్స్ తుడిచి చూడమని అడగండి, వెంటనే కొత్త లెన్స్ వేయించుకోవద్దు. మూత తీసి, కరెంటు ఉండగా లోపల మీరు చేయి పెట్టొద్దు. షాక్ కొడుతుంది, లేజర్ కంటికి మంచిది కాదు.

కరెంటు పోయి వచ్చే ఊళ్లలో స్పైక్ గార్డ్ పెట్టుకోండి. ఉరుములు మొదలైతే ప్లగ్ పీకేయండి. ఇల్లు మారేటప్పుడు డిస్క్ బయటికి తీశాకే ప్లేయర్‌ను కదపండి.

పెళ్లి డీవీడీలు

ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన డిస్క్‌లు సినిమా డిస్క్‌ల లాంటివి కావు. వాటిలో రంగు పొర ఉంటుంది, ఎండా వేడీ దాన్ని చెరుపుతాయి. డబ్బాలో నిలబెట్టి, చీకటి అరలో పెట్టండి. కంప్యూటర్‌లో డిస్క్ తెరిస్తే 'వీడియో టీఎస్' అనే ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని మొత్తంగా కాపీ చేసి రెండు వేరు వేరు చోట్ల దాచండి. ఈ పని మాత్రం ప్లేయర్ బాగున్నా ఇప్పుడే చేయండి, గీత పడిన తర్వాత కాపీ మధ్యలోనే ఆగిపోతుంది.