కెమిస్ట్రీ మళ్ళీ మొదలుపెట్టాలంటే మోల్ దగ్గర మొదలుపెట్టండి

ఇంటర్‌తో కెమిస్ట్రీకి దణ్ణం పెట్టేసి, ఏళ్ళ తర్వాత మళ్ళీ పుస్తకం తెరిచేవాళ్ళు ఎక్కువగా రెండు దారులు పడతారు. కొందరు మొదటి పేజీ నుంచి పరమాణు నిర్మాణం చదువుకుంటూ వచ్చి క్వాంటం సంఖ్యల దగ్గర చతికిలబడతారు. కొందరు ఆర్గానిక్ వీడియోలు వరసపెట్టి చూస్తారు. చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, కాగితం మీద పెన్ను పెట్టేసరికి ఏమీ రాదు. అన్నిటికంటే ముందు తుప్పు పట్టేది లెక్క: ఏది ఎంత తీసుకుంటే ఏది ఎంత వస్తుందో చెప్పగలగడం. ఆ లెక్కకు మూలం మోల్, అంటే కణాలను లెక్కపెట్టే ప్రమాణం. అది చేతికొస్తే మిగతా అధ్యాయాలు సగం వాటంతటవే గుర్తొస్తాయి.

పుస్తకం ఒకటే పెట్టుకోండి. ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల పుస్తకాలు ఉచితంగా పీడీఎఫ్‌లో దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: 2022లో సిలబస్ కుదించినప్పుడు 11వ తరగతిలోంచి వాయు నియమాలున్న ‘పదార్థ స్థితులు’ అధ్యాయం, 12లోంచి పీ-బ్లాక్ మూలకాలు తీసేశారు. పరీక్ష కోసం కాకుండా విషయం కోసం చదువుతుంటే అంతకుముందు ముద్రణ పట్టుకోండి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు హాయిగా ఉంటాయి. చేసి చూపించిన లెక్కలు ఎక్కువ కావాలంటే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఓపెన్‌స్టాక్స్ కెమిస్ట్రీ పుస్తకం ఉచితమే, కాకపోతే ఇంగ్లిషులో. ఎంసెట్ బిట్ల పుస్తకం మాత్రం అటకమీదే ఉండనివ్వండి. నాలుగు ఆప్షన్లలో మూడు కొట్టేయడం వేరు, సమాధానం మీరే రాబట్టడం వేరు.

మీరు చదివిన రోజులకూ ఇప్పటికీ కొన్ని మారాయి. మొదటి గ్రూపు ఏ, ఏడో గ్రూపు ఏ అని చదివినవాళ్ళకు ఇప్పుడు 1 నుంచి 18 దాకా వరస నంబర్లు కనిపిస్తాయి. 2016లో నిహోనియం, మాస్కోవియం, టెన్నెసీన్, ఒగనెసాన్ పేర్లు ఖాయమవడంతో ఏడో పీరియడ్ నిండింది. మోల్ నిర్వచనం 2019 దాకా 12 గ్రాముల కార్బన్-12 మీద ఆధారపడి ఉండేది, ఇప్పుడు నేరుగా 6.02214076 × 10²³ కణాలు. ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర మోల్ వాయువు ఘనపరిమాణం మీ నోటికి 22.4 లీటర్లుగా వచ్చి ఉంటుంది. అది 1 అట్మాస్ఫియర్ పీడనానికి. ఇప్పటి ప్రమాణం 1 బార్, కాబట్టి 22.7 లీటర్లు. పుస్తకం వెనక జవాబుకూ మీ జవాబుకూ ఒక శాతం చొప్పున తేడా వస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మొదటి వారం అయాన్లకు (విద్యుదావేశం ఉన్న కణాలకు), ఘాతాంకాలకు కేటాయించండి. పాతిక కార్డులు చాలు. సోడియం, పొటాషియం, అమ్మోనియంకు +1. కాల్షియం, మెగ్నీషియం, జింక్‌కు +2. అల్యూమినియంకు +3. ఇనుముకు 2, 3 రెండూ, రాగికి 1, 2 రెండూ. అవతలివైపు క్లోరైడ్, హైడ్రాక్సైడ్, నైట్రేట్, బైకార్బొనేట్‌కు −1. కార్బొనేట్, సల్ఫేట్‌కు −2. ఫాస్ఫేట్‌కు −3. ఇవి తడుముకోకుండా రావాలి. ఇక్కడ బట్టీ తప్పు కాదు, అక్షరాలు రాకుండా వాక్యం చదవలేం కదా. వీటితోపాటే 10 ఘాతాల గుణింతాలు, లాగరిథమ్‌లు కూడా చేయండి. 2కి లాగ్ 0.301, 3కి 0.477 గుర్తుంటే పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) లెక్కలు చాలావరకు క్యాలిక్యులేటర్ లేకుండా సాగుతాయి.

తర్వాత సమీకరణాలు తుల్యం చేయడం. ఇక్కడ పాత అలవాటుగా దొర్లే తప్పు ఒకటుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు అయ్యే సమీకరణంలో ఎడమవైపు రెండు ఆక్సిజన్లు, కుడివైపు ఒకటే కనిపిస్తుంది. వెంటనే నీటి ఫార్ములాలో ఆక్సిజన్ కింద 2 రాసేస్తారు. లెక్క సరిపోతుంది కానీ అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. ఫార్ములా లోపలి అంకె పదార్థాన్నే మార్చేస్తుంది. మార్చాల్సింది ముందుండే గుణకాన్ని: 2 హైడ్రోజన్, 1 ఆక్సిజన్, 2 నీరు. ఇలాంటివి ఓ ముప్పై చేస్తే చెయ్యి తిరుగుతుంది.

ఇక మోల్. ప్రతి లెక్కనూ మూడు మెట్లలోనే చేయండి: గ్రాముల నుంచి మోల్‌లు, సమీకరణం ప్రకారం మోల్‌ల నిష్పత్తి, మళ్ళీ మోల్‌ల నుంచి గ్రాములు. షార్ట్‌కట్ గుర్తొచ్చినా వాడకండి. ప్రతి అంకె పక్కన ప్రమాణం రాయండి. చివరిదాకా రౌండ్ చేయకండి.

ఈ అధ్యాయాన్ని కాగితం మీద వదిలేయకుండా వంటింట్లో తూకం వేసి చూడొచ్చు. కావాల్సినవి వెనిగర్, వంట సోడా, 0.1 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ కాటా, తేలికపాటి పొడవాటి ప్లాస్టిక్ గ్లాసు. మామూలు వంటింటి కాటా 1 గ్రాము తేడానే చూపిస్తుంది, దానితో పని జరగదు. చిన్న కాటాలు కొన్ని 200 గ్రాములకే ఆగిపోతాయి, కొనేముందు చూసుకోండి.

వెనిగర్ సీసా మీద ఎసిటిక్ ఆమ్లం శాతం చదవండి. 5 శాతం అయితే 100 మిల్లీలీటర్లలో సుమారు 5 గ్రాములు. ఎసిటిక్ ఆమ్లం మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్ బరువు, గ్రాముల్లో) 60, అంటే 0.083 మోల్. వంట సోడా దానితో ఒకటికి ఒకటిగా చర్య జరుపుతుంది. సోడాది 84, కాబట్టి సరిగ్గా 7 గ్రాములు కావాలి. వెలువడే కార్బన్ డై ఆక్సైడ్ 0.083 × 44, దగ్గరదగ్గర 3.7 గ్రాములు. సీసా మీద 4 శాతం అని ఉంటే సోడా 5.6 గ్రాములే చాలు.

ఇప్పుడు మూడుసార్లు చేయండి, ప్రతిసారీ కొత్తగా 100 మిల్లీలీటర్ల వెనిగర్‌తో. సోడా 3.5 గ్రాములు, 7 గ్రాములు, 10.5 గ్రాములు. గ్లాసు, వెనిగర్, సోడా అన్నీ ముందు తూచి, సోడాను చిటికెడు చిటికెడుగా వేసి, నురగ తగ్గాక మళ్ళీ తూచండి. తగ్గిన బరువే బయటికి పోయిన వాయువు. లెక్క ప్రకారం 1.8, 3.7, మూడోసారి కూడా 3.7. మూడోసారి ఆమ్లం ముందే అయిపోయింది, మిగిలిన సోడా ఊరికే కరిగి ఉంది. పరిమిత కారకం అనే మాటను పది పేజీలు చదివినదానికంటే ఈ మూడు అంకెలు బాగా పట్టిస్తాయి.

మీ అంకె తక్కువొస్తే కొంత వాయువు నీళ్ళలోనే కరిగి ఉండిపోయిందన్నమాట. చెంచాతో బాగా కలిపి, పావుగంట ఆగి తూచండి. ఎక్కువొస్తే నురగతోపాటు తుంపరలు బయటపడ్డాయి, ఇంకా పెద్ద గ్లాసు తీసుకోండి. అంకెలు అసలు పొంతన లేకుండా వస్తే డబ్బా మీద చూడండి: అది బేకింగ్ పౌడర్ అయ్యుంటుంది. అందులో పొడి ఆమ్లం, పిండి కూడా కలిపి ఉంటాయి. మూత బిగించిన సీసాలో మాత్రం ఈ పని ఎప్పుడూ చేయొద్దు. రెండు లీటర్ల దాకా వాయువు వస్తుంది, సీసా పేలిపోతుంది.

మోల్ తర్వాత ద్రావణాలు. ఇంటర్ ప్రాక్టికల్స్ గుర్తున్నవాళ్ళకు నార్మాలిటీ అలవాటు, ఇప్పుడు దాదాపు అంతా మొలారిటీలోనే (లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు) నడుస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లం దీనికి మంచి ఉదాహరణ. స్ఫటికంలో రెండు నీటి అణువులు ఉంటాయి, కాబట్టి మోలార్ ద్రవ్యరాశి 90 కాదు, 126. లీటరు ద్రావణంలో 6.3 గ్రాములు ఉంటే 0.05 మొలార్. ఒక్కో అణువు రెండు హైడ్రోజన్ అయాన్లు ఇస్తుంది కాబట్టి మీరు అప్పట్లో 0.1 నార్మల్ అని రాసింది దీన్నే. స్ఫటిక జలాన్ని మరిచిపోతే మొదటి అడుగులోనే లెక్క పోతుంది.

ఆమ్లాలు, సమతాస్థితి ఆ పైన. ఇందాకటి వెనిగర్‌నే తీసుకోండి. గాఢత 0.83 మొలార్. బలమైన ఆమ్లం అయితే పీహెచ్ 0.1 దగ్గర ఉండాలి. ఎసిటిక్ ఆమ్లం అయనీకరణ స్థిరాంకం 1.8 × 10⁻⁵ వాడి చేస్తే 2.4 వస్తుంది. రెండింటి మధ్య తేడా ఎందుకో మాటల్లో రాయగలిగితే బలహీన ఆమ్లం అర్థమైనట్టే. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేది ఈ అధ్యాయంలోని సూచికల సంగతే: పీహెచ్ 7.4 దగ్గర పసుపుపచ్చగా ఉండే కర్క్యుమిన్ 8.6 దాటితే ఎరుపెక్కుతుంది. తాంబూలంలో వాడే తడి సున్నం చిటికెడు నీళ్ళలో కలిపి, పైన తేరిన తేటలోకి స్ట్రాతో ఊదండి, తాగకండి. ముందు తెల్లబడుతుంది, అది కాల్షియం కార్బొనేట్. ఆపకుండా ఊదితే మళ్ళీ తేటపడుతుంది, బైకార్బొనేట్‌గా కరిగిపోతుంది. ఆ నీటిని మరిగిస్తే చర్య వెనక్కి తిరుగుతుంది. బోరు నీళ్ళు కాచే గీజర్‌లో తెల్లటి పెచ్చు కట్టేదీ ఈ దారిలోనే. తడపని పొడి సున్నం (క్విక్‌లైమ్) జోలికి పోవద్దు, నీళ్ళు తగిలితే సలసల కాగుతుంది, కళ్ళకు చాలా ప్రమాదం. బాత్రూమ్ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది.

ఇక్కడి నుంచి ఆక్సీకరణ-క్షయకరణం, ఉష్ణగతిక శాస్త్రం, అప్పుడు పరమాణు నిర్మాణం, రసాయన బంధం. ఆర్గానిక్ ఆఖరున. అందులో పేర్లు పెట్టే నియమాలకు రెండు రోజులు మించి ఇవ్వకండి. ఎలక్ట్రాన్ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో బాణాలు గీయడం మీద సమయం పెట్టండి.

రోజుకు ముప్పావుగంట, వారానికి ఐదు రోజులు సరిపోతుంది. మొదటి పది నిమిషాలు పుస్తకం మూసి నిన్నటిది తెల్ల కాగితం మీద రాయండి. తర్వాత అరగంట లెక్కలు. మిగిలిన ఐదు నిమిషాల్లో తప్పిన లెక్క పక్కన కారణం ఒక్క మాటలో: ప్రమాణం, నిష్పత్తి, ఫార్ములా, కూడిక. రెండు వారాలకు ఆ పేజీలు తిరగేస్తే ఒకే మాట పదేపదే కనిపిస్తుంది, సాధారణంగా నిష్పత్తి. అప్పుడు ముందుకెళ్ళకుండా సమీకరణాల దగ్గరికి వెనక్కి వెళ్ళి మరో పది చేయండి. వీడియో చూడాలనిపిస్తే లెక్క ఒకసారి మీరే ప్రయత్నించి, ఎక్కడ ఆగారో గుర్తుపెట్టుకుని, సరిగ్గా ఆ భాగమే చూడండి.