చనిపోయినవారి ఇల్లు వేలంలో కొనాలనుకుంటే: మెల్‌బోర్న్‌కి కొత్తగా వెళ్లిన మనవాళ్లకు

నేను మెల్‌బోర్న్ వదిలి పటమటకు వచ్చేసినా, అక్కడున్న విజయవాడ, గుంటూరు పిల్లల ఫోన్లు మాత్రం ఆగలేదు. ఈమధ్య ఎక్కువగా అడుగుతున్నది 'డిసీజ్డ్ ఎస్టేట్' ఇళ్ల గురించి. యజమాని పోయాక, వారసులకు డబ్బు పంచడానికి అమ్మే ఇళ్లు ఇవి. "చౌకగా వస్తాయట కదా అంకుల్?" అంటారు. ఆ ఆశ పెట్టుకోకండి. అమ్మే ఎగ్జిక్యూటర్, అంటే విల్లును అమలు చేసే బాధ్యుడు, వారసులకు జవాబు చెప్పుకోవాలి కాబట్టి అయినకాడికి అమ్మేయడు.

పీఆర్ (శాశ్వత నివాస హక్కు) రాని వాళ్లు ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, పాత ఇళ్లు కొనకూడదు. స్టూడెంట్ వీసా అయినా, వర్క్ వీసా అయినా అంతే.

మన దగ్గర ఇలాంటి ఇల్లు కొనాలంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడుగుతాం, ఈసీ తీయిస్తాం, పెళ్లై వెళ్లిన ఆడపిల్లలతో సహా అందరి సంతకాలూ పడేదాకా రిజిస్ట్రేషన్‌కి కదలం. అక్కడ వారసులందరి వెంటా తిరగక్కర్లేదు, విల్లులో పేరున్న ఎగ్జిక్యూటర్ సంతకం చాలు. కానీ ఆ విల్లును మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమోదించి ప్రొబేట్ ఇవ్వాలి. అది రానిదే ఇల్లు మీ పేరున మారదు. చిక్కేమిటంటే, ప్రొబేట్ చేతికి రాకముందే వేలం పెట్టేస్తుంటారు. 'ప్రొబేట్ వచ్చిన ఇన్ని రోజులకు సెటిల్‌మెంట్' (మిగతా డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకోవడం) అని కాంట్రాక్టులో ఓ మూల ఉంటుంది. అందుకే ఏజెంటును మొదట అడగాల్సిన ప్రశ్న "ప్రొబేట్ వచ్చిందా?" అన్నది. రాలేదంటే అద్దె ఇంటికి నోటీసు ఇవ్వకండి. ఆలస్యమైతే లోన్ ప్రీ-అప్రూవల్ గడువు కూడా దాటిపోవచ్చు, బ్యాంకుతో ముందే మాట్లాడండి.

ఎగ్జిక్యూటర్ ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండకపోయి ఉండొచ్చు. కప్పు కారుతుందా అంటే తెలియదంటాడు, అబద్ధం కూడా కాదు. కాబట్టి బిల్డింగ్, పెస్ట్ ఇన్‌స్పెక్షన్ వేలానికి ముందే చేయించుకోండి. బాత్‌రూమ్ గోడల్లో, చూరు కింద ఆస్బెస్టాస్ షీట్లు ఉన్నాయేమో ప్రత్యేకంగా చూడమనండి. సిమెంటు రేకుల కింద పెరిగిన మనకు అదో విషయంలా అనిపించదు. ఆరోగ్యానికి హానికరమని ఆస్ట్రేలియాలో దాన్ని 2003 డిసెంబర్ 31 నుంచి పూర్తిగా నిషేధించారు. బాత్‌రూమ్ మార్పిద్దామని గోడ పగలగొట్టినప్పుడు తెలుస్తుంది దాన్ని తీయించే ఖర్చు ఎంతో.

ఇక వేలం. సుత్తి పడ్డాక వెనక్కి తగ్గడానికి లేదు. మామూలు కొనుగోలుకు విక్టోరియాలో ఉండే మూడు పనిదినాల కూలింగ్-ఆఫ్ (మనసు మార్చుకుని తప్పుకునే గడువు) దీనికి వర్తించదు, లోన్ రాలేదన్న సాకు చెల్లదు. సాధారణంగా 10 శాతం డిపాజిట్ అదే రోజు కట్టాలి. బయానా వదిలేసుకుని తప్పుకుందాంలే అనుకుంటే కుదరదు, ఇల్లు మళ్లీ అమ్మినప్పుడు తగ్గిన సొమ్ము కూడా మీ మీద పడొచ్చు. పాట రిజర్వు ధరకు, అంటే అమ్మేవాళ్లు ముందే అనుకున్న కనీస ధరకు, చేరకపోతే వాళ్లు అమ్మడం మానుకోవచ్చు, మిర్చి యార్డులో రేటు నచ్చని రైతు టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి తోలుకున్నట్టు. అప్పుడు అందరికంటే ఎక్కువ పాడినవారితోనే ముందు బేరం మాట్లాడతారు. ఆక్షనీర్ 'వెండర్ బిడ్' అన్నాడంటే ఆ పాట అమ్మేవాళ్ల తరఫున వేసినది, పోటీకి ఎవరో ఉన్నారని కంగారుపడి పెంచేయకండి.

అక్కడ శనివారం పదకొండు అయితే విజయవాడలో ఉదయం ఆరున్నర, వాళ్ల వేసవిలో అయిదున్నర. కాఫీ గ్లాసుతో నాన్నగారు వీడియో కాల్‌లో కూర్చుని "ఇంకో పదివేలు వెయ్యరా" అంటుంటే చేతిలో ఉన్న లెక్క గాలికి పోతుంది. పాడే ముందు ఫోన్ జేబులో పెట్టేయండి. నాన్నగారి డబ్బు మాత్రం ముందే చేరాలి. ఎల్ఆర్ఎస్ (ఇండియా నుంచి విదేశాలకు డబ్బు పంపే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల అమెరికన్ డాలర్ల దాకా పంపొచ్చు, 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు గానీ ఆ రోజుకు చేతిలో ఉండదు. వాస్తు పట్టింపు ఉంటే అదీ వేలానికి ముందే చూపించుకోండి.

సెక్షన్ 32 పత్రం (ఇంటి వివరాలు వెల్లడిస్తూ అమ్మేవాళ్లు ఇచ్చేది), కాంట్రాక్టు రెండూ కన్వేయన్సర్‌తో, అంటే ఆస్తి బదిలీ పత్రాలు చూసే నిపుణుడితో, చదివించండి. మార్పులు అడగాలంటే వేలానికి ముందే అడగాలి. ముఖ్యంగా సామాన్ల సంగతి. పోయిన పెద్దాయన బీరువాలు, షెడ్డులో పెయింటు డబ్బాలు, పాడైన లాన్ మోవర్ ఎవరు తీయించాలో అందులో రాయించుకోండి. సెటిల్‌మెంట్‌కి ముందు వారంలో ఇల్లు మళ్లీ చూసుకునే వీలుంటుంది. ఆ రోజు షెడ్డు తాళం కూడా తీయించి చూడండి.