గుణుపురం చివరి స్టేషన్ కాకుండా పోయే రోజుకి: సరిహద్దు సరుకు వ్యాపారులు ఇప్పుడే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ఒడిశాలోని గుణుపురంలో సరుకు ఎక్కించేవాళ్లకి ఇవాళ ఉన్న పెద్ద సుఖం, పట్టాలు అక్కడితో అయిపోవడమే. బండి అక్కడే బయలుదేరుతుంది కాబట్టి బ్రేక్ వ్యాన్ (పార్సెల్ వేసే పెట్టె) ఖాళీగా ఉంటుంది, బస్తాలు ఎక్కించడానికి తొందర ఉండదు. గుణుపురం–తెరుబలి కొత్త లైను (73.62 కిలోమీటర్లు) వచ్చాక ఈ సుఖం పోతుంది. 2024 ఆగస్టు 9న కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన ఎనిమిది కొత్త లైన్లలో ఇదొకటి. 2030-31 నాటికి పూర్తి చేయాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న గడువు. అప్పుడు రాయగడ వైపు నుంచి వచ్చే బండి గుణుపురంలో కొన్ని నిమిషాలు ఆగి ఆంధ్రలోని నౌపడ వైపు పోతుంది. దాని వ్యాన్‌లో ముందే ఎవరి సరుకో ఉండొచ్చు.

లాభం కూడా చిన్నదేం కాదు. గుణుపురం రాయగడ జిల్లాలోనే ఉన్నా, ఇవాళ రైల్లో జిల్లా కేంద్రానికి పోవాలంటే పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి మీదుగా నౌపడకి దిగి, విజయనగరం, పార్వతీపురం చుట్టి ఎక్కాలి. కొత్త లైను ఆ చుట్టు తీసేస్తుంది. తెరుబలి విజయనగరం–రాయపూర్ లైను మీద ఉంది కాబట్టి ఛత్తీస్‌గఢ్ వైపు కూడా దారి తెరుచుకుంటుంది. అదే జాబితాలో మల్కన్‌గిరి–పాండురంగాపురం (భద్రాచలం మీదుగా, 173.61 కిలోమీటర్లు), జునాగఢ్–నవరంగపూర్ (116.21 కిలోమీటర్లు) కూడా ఉన్నాయి. కింద చెప్పేది గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి వ్యాపారులను దృష్టిలో పెట్టుకుని చెప్పినది. మల్కన్‌గిరి జిల్లా మోటు, కలిమెల వైపు వాళ్లకీ చాలామటుకు వర్తిస్తుంది.

సరుకు కంటే ముందు కొనేవాడు దిగుతాడు

కొత్త బండి మీద మొదట తిరిగేది బస్తాలు కావు, మనుషులు. విశాఖ, రాయపూర్ కొనుగోలుదారు పొద్దున బండికి దిగి సంతలో నేరుగా బేరమాడి, సరుకు లారీకెత్తించి, సాయంత్రం బండికి పోతాడు. ఊరి వ్యాపారికి ఇన్నాళ్లూ మిగిలినదాంట్లో కొంత, కొనేవాడు దూరంగా ఉన్నందుకు వచ్చిన ప్రతిఫలం. ఆ కొంత పోతుంది. మిగలాల్సింది గ్రేడింగ్‌కీ, సరైన తూకానికీ, చిన్న చిన్న లాట్లు పోగేసి ఒకే రకం సరుకుగా ఇవ్వగలిగినందుకూ వచ్చేది.

అందుకే మొదటి పని కాటా. కొండ మీద నుంచి దిగే సవర రైతుల దగ్గర గంపల లెక్కన, కుంచాల లెక్కన కొని పట్నంలో కిలోల్లో అమ్మే పద్ధతి ఇక నిలవదు. పక్కనే ఒకడు ఎలక్ట్రానిక్ కాటా పెట్టుకుని కిలో ధర పలక మీద రాసిపెట్టి కూర్చుంటే గంప వ్యాపారి దగ్గరికి ఎవరూ రారు. తూనికల శాఖ ముద్ర ఉన్న కాటా కొనండి, ముద్ర గడువు తీరకముందే మళ్లీ వేయించండి. రెండోది అడ్వాన్సులు. సీజనుకి ముందు ఇచ్చిన డబ్బుతో రైతు మనకే కట్టుబడి ఉంటాడన్న ధీమా, రొక్కంతో రైలు దిగేవాడు లేనంత కాలమే. ఎవరికెంత ఇచ్చారో, ఏ ధరకి జమ కట్టుకుంటారో రాసి ఇద్దరూ సంతకమో వేలిముద్రో పెట్టుకోండి. జమ ధర సంత ధర కంటే మరీ తక్కువ పెడితే బాకీ వసూలవదు, సరుకూ రాదు.

ఏది రైలుకి, ఏది లారీకి

అద్దె ఒక్కటే చూస్తే రైలు చవకగానే కనిపిస్తుంది. చూడాల్సింది గమ్యంలో కిలో ఎంతకి పడిందన్నది: కొన్న ధర, సంచి, ఎత్తుడు కూలి, స్టేషన్‌కి ఆటో, రైలు కిరాయి, దిగాక హమాలీ, అక్కడి ఆటో, కమీషన్, చివరగా తరుగు. అందరూ మర్చిపోయేది ఈ ఆఖరిదే. ఊహా అంకెలతో చూద్దాం. పచ్చి అల్లం 50 కిలోల బస్తాలు 20, మొత్తం 1000 కిలోలు. రైలు వల్ల కిలోకి రూపాయి మిగిలితే వెయ్యి మిగిలింది. సరుకు ఎక్కక ఒకరోజు ప్లాట్‌ఫాం మీద ఉండి 4 శాతం తరిగితే 40 కిలోలు. కిలో 45 చొప్పున 1800 పోయింది. వెయ్యి కోసం 1800 పోగొట్టుకున్నట్టు.

ఆలస్యాన్ని ఓర్చుకునే సరుకే రైలుది: ఎండు పసుపు, చింతపండు, ఎండుమిర్చి, జీడిపిక్కలు. అల్లం, కంద, లేత పనసకాయ మధ్యరకం. నేరుగా పోయే బండి దొరికితేనే వేయండి. టమాటా, వంకాయ, ఆకుకూరలు లారీవి, వాటి గురించి చర్చే అనవసరం. కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు మాత్రం మోసం చేస్తాయి. బరువు లేకపోయినా చోటు తింటాయి. చోటు ఎక్కువ పట్టే సరుకుకి తూకం మీద కాకుండా కొలత మీద కిరాయి కడతారు. వాటిని కూరి, రెండు పలకల మధ్య తొక్కి కట్టకపోతే కిరాయి లెక్క తలకిందులవుతుంది.

మరో తిరకాసు బండి రకం. పాత తరహా పాసింజరుకీ, ఎక్స్‌ప్రెస్సుకీ చివర్లలో ఎస్ఎల్ఆర్ పెట్టె (కొంత సీట్లకి, మిగతా సామానుకీ గార్డుకీ) ఉంటుంది, పార్సెల్ అందులో పోతుంది. అదే బండికి మెము రేకు (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు బండి పెట్టెల వరస) పెడితే పార్సెల్‌కి చోటుండదు. టైంటేబుల్లో పేరు మారదు, సరుకు మాత్రం ఎక్కదు. కొత్త బండి ప్రకటించగానే ఏ రేకు అని స్టేషన్లో అడగండి.

ఇంకోటి: బస్తాలను బండి మారకుండా చేరే ఊరికే బుక్ చేయండి. గుణుపురం నుంచి విశాఖకీ, పూరీకీ, రూర్కెలాకీ నేరుగా బండ్లు నడుస్తున్నాయి, కాబట్టి ఆ దారిలోని పెద్ద స్టేషన్లు సరే. హౌరాకో చెన్నైకో అంటే ఎక్కడో ఒకచోట సరుకు దించి మరో బండికి ఎక్కించాలి. మారిన ప్రతిచోటా రోజు పోతుంది, రెండు బస్తాలు చిరుగుతాయి, ఒకటి వేరే ఊరు పోతుంది.

మూట కట్టడం

రైల్లో పోయే బస్తాను తక్కువలో తక్కువ నలుగురు ఎత్తి దించుతారు. 60, 70 కిలోల బస్తాను ఎవరూ భుజం మీద పెట్టుకోరు, కొక్కెం గుచ్చి ఈడుస్తారు. 40 నుంచి 50 కిలోలు దాటనివ్వకండి. కొక్కెం దిగితే చింతపండుకి ఏమీ కాదు. అల్లానికి మాత్రం ఆ గాయం దగ్గరే కుళ్లు పట్టి బస్తా అంతా పాకుతుంది.

అల్లం కడగొద్దు. మట్టి దులిపి, నీడలో ఒకరోజు పరిచి, విరిగిన మొనలు ఆరాక పలచటి నేత గోనెసంచిలో వేయండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమర్చి బూజు పడుతుంది. పసుపు కొమ్ము విరిస్తే టక్కుమని గట్టి శబ్దం రావాలి. వంగి విరిగితే ఇంకా తేమ ఉన్నట్టు, పది శాతం కంటే దిగాలి. చింతపండు గింజ తీసి, ఎండబెట్టి, లోపల పాలిథీన్ వేసిన సంచిలో గాలి ఆడకుండా అదమండి. గాలీ వేడీ తగిలితే నల్లబడి ధర పడిపోతుంది. లేత పనసకి తొడిమె కొంచెం ఉంచి కోసి, జిగురు కారడం ఆగేదాకా తలకిందులుగా పెట్టి, తర్వాతే సంచికెత్తండి. అనాసకి పైన పిలక విరవొద్దు.

మూతి దబ్బనంతో కుట్టండి, తాడుతో ముడి వేసి వదిలేయకండి. ప్రతి బస్తాకి రెండు వైపులా బయలుదేరే స్టేషన్, చేరే స్టేషన్, పంపేవాడి పేరు, తీసుకునేవాడి పేరు, ఫోన్ నంబరు చెరగని సిరాతో రాయండి. లోపల కూడా అదే రాసిన చీటీ ఒకటి వేయండి. పాత సంచి వాడితే పాత ఊరి పేరు పూర్తిగా కొట్టేయాలి. సరుకు తప్పిపోయినప్పుడు వెతికితే చాలాసార్లు సంచి మీద పాత రాత ఉన్న ఊళ్లోనే దొరుకుతుంది.

పార్సెల్ ఆఫీసులో

ముందు రెండు విషయాలు కనుక్కోండి: మీ స్టేషన్లో పార్సెల్ బుకింగ్ ఉందా, బండి అక్కడ ఎంతసేపు ఆగుతుంది. రెండు నిమిషాలు ఆగేచోట 20 బస్తాలు ఎక్కవు, క్లర్కు ఎంత మంచివాడైనా.

బండి టైముకి కనీసం మూడు నాలుగు గంటల ముందు సరుకు చేర్చండి. ఫార్వర్డింగ్ నోట్‌లో (సరుకు పంపేటప్పుడు మనం నింపే ఫారం) సరుకు పేరు ఉన్నదున్నట్టు రాయండి. ఎండు పసుపుని కూరగాయలని రాస్తే కిరాయి తగ్గొచ్చు గానీ, తప్పుడు వివరానికి అపరాధం పడుతుంది, పోయిన సరుకుకి క్లెయిమూ నిలవదు. ప్యాకింగ్ లోపముందని క్లర్కు నోట్‌లో రాస్తే అక్కడే కుట్టించి మార్పించండి. ఆ ఒక్క మాట ఉంటే, తర్వాత రైల్వే నిర్లక్ష్యాన్ని నిరూపించాల్సిన భారం మన మీద పడుతుంది. ఓనర్స్ రిస్క్ రేటు (నష్టం మన మీదే అని ఒప్పుకుని కట్టే తక్కువ కిరాయి) ఎంచుకున్నా అంతే.

విలువ విషయం చాలామంది పట్టించుకోరు. విలువ ప్రకటించి పర్సంటేజ్ ఛార్జీ (ఆ విలువని బట్టి అదనంగా కట్టేది) కట్టకపోతే, సరుకు పోయినప్పుడు రైల్వే ఇచ్చేది కిలోకి 50 రూపాయల వరకే. ఎండు పసుపు వంద కిలోలు పోతే మహా అయితే 5000 వస్తాయి. చింతపండుకి ఫర్వాలేదు, పసుపుకి, జీడిపప్పుకి మాత్రం ఆ ఛార్జీ కట్టడమే మేలు.

పంటల రవాణాకి రైలు కిరాయి మీద జీఎస్టీ లేదు, రసీదులో వేశారేమో చూసుకోండి. ఆర్‌ఆర్ (రైల్వే ఇచ్చే సరుకు రసీదు) ఫోటో తీసి అవతలివాడికి వెంటనే పంపండి. అసలు కాగితం పోతే ఇండెమ్నిటీ బాండు (తర్వాత తేడా వస్తే నష్టం మేమే భరిస్తామనే హామీ పత్రం) రాసిచ్చి విడిపించుకోవాలి, ఆ తిరుగుడులో పచ్చి సరుకు పాడవుతుంది.

పెట్టెలో మనతోపాటు రెండు మూటలు తీసుకుపోదామనుకునేవాళ్లకి ఒక మాట: అమ్మకపు సరుకును సొంత సామానుగా తీసుకెళ్లడానికి రూలు ఒప్పుకోదు. సెకండ్ క్లాసులో ఉచితంగా ఉన్నది 35 కిలోలు, అదీ సొంత సామానుకే. బుక్ చేయని అదనపు సామాను పట్టుబడితే లగేజీ రేటుకి ఆరు రెట్లు.

పన్ను, పంచాయతీ కాగితాలు

పచ్చి అల్లం, పచ్చి పసుపు, తాజా కూరగాయలు, పండ్లు, చింతపండు (ఎండుది కూడా, 2019 నుంచి), ఆకు విస్తళ్లు: వీటికి జీఎస్టీ లేదు, ఈవే బిల్లూ (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసుకునే పత్రం) అక్కర్లేదు. ఎండు పసుపు, శొంఠి, జీడిపప్పు 5 శాతంలో ఉన్నాయి. వీటి విలువ 50,000 దాటి రాష్ట్రం దాటితే ఈవే బిల్లు ఉండాలి. రైల్లో వేస్తే ఆ బిల్లు రెండో భాగంలో ఆర్‌ఆర్ నంబరు వేయాలి, దించుకునేటప్పుడు బిల్లు చూపించకపోతే సరుకు ఇవ్వరు. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మేవాళ్లకి టర్నోవరు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పదు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరమైనా అది రాష్ట్రం దాటడమే. రైతు దగ్గర నేరుగా జీడిపిక్కలు కొనే రిజిస్టర్డ్ వ్యాపారి పన్నును తానే కట్టాలి.

చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల్లాంటి అటవీ ఫలసాయానికి ఒడిశాలో కొనుగోలుదారు గ్రామపంచాయతీ దగ్గర నమోదు చేయించుకోవాలి. బయటి నుంచి రైలు దిగే వ్యాపారికి ఈ కాగితం సంగతి తెలియదు. మీ దగ్గర ఉంటే అది మీ బలం. బీడీ ఆకు జోలికి మాత్రం పోవద్దు, అది ప్రభుత్వ గుత్తాధిపత్యం. మార్కెట్ కమిటీ రుసుము రసీదు కూడా సరుకుతోనే పంపండి.

దించుకునేచోట

బస్తా కుట్టు ఊడి ఉన్నా, తడిసినా, తూకం తగ్గినా సంతకం పెట్టి తీసుకుపోవద్దు. ఓపెన్ డెలివరీ (బస్తా అక్కడే విప్పి చూసి ఇవ్వడం) అడగండి. అడిగితే ఇవ్వాల్సిందేనని రైల్వే చట్టం 81వ సెక్షన్ చెబుతోంది. కొన్ని బస్తాలే వస్తే వచ్చినవి పాక్షిక డెలివరీగా తీసుకుని, ఎన్ని తగ్గాయో రాయించుకోండి. క్లెయిమ్ నోటీసు మనం సరుకు రైల్వేకి అప్పగించిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు ఇవ్వాలి. చేరిన తేదీ నుంచి అనుకుని గడువు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. ఉచిత గడువు దాటితే వార్ఫేజ్ (స్టేషన్లో సరుకు ఉంచినందుకు పడే అద్దె) మొదలవుతుంది. పాడయ్యే సరుకుని ఎవరూ తీసుకోకపోతే రైల్వే అమ్మేయవచ్చు కూడా. కాబట్టి అవతల విడిపించుకునే మనిషి ఖాయమయ్యాకే ఇవతల బుక్ చేయండి.

లైను వేస్తున్నన్నాళ్లు, ఆ తర్వాత

మట్టి టిప్పర్లతో సంత దారులు పాడవుతాయి. గేట్ల బదులు కట్టే అండర్ పాసుల్లో వానాకాలం నీళ్లు నిలుస్తాయి, ఎత్తుగా లోడు కట్టిన పికప్ పట్టదు. మీ దారిలో ఎక్కడ అండర్ పాస్ వస్తుందో, ఎంత ఎత్తు ఉంటుందో ఇప్పుడే తెలుసుకుని అభ్యంతరం రాసివ్వండి. కాంక్రీటు పోశాక ఎవరూ వినరు.

అసలు అర్జీ పార్సెల్‌ది. గుణుపురంలో, పర్లాకిమిడిలో బండి పది నిమిషాలైనా ఆగాలి, ఎస్ఎల్ఆర్‌లో ఒక అరకి ఈ స్టేషన్ల కోటా ఉండాలి, ప్లాట్‌ఫాం మీద కప్పున్న చోటూ కాటా ఉండాలి. అడిగినప్పుడు ఏ నెలలో ఏ సరుకు ఎన్ని క్వింటాళ్లు పోతుందో రెండు సీజన్ల లెక్క జతచేయండి. బుకింగ్ లేని స్టేషన్‌కి ఆ లెక్కే ఆధారం. అర్జీ డివిజన్ సీనియర్ కమర్షియల్ మేనేజరుకి వెళ్లాలి. రాయగడ డివిజన్‌కి 2025 జనవరి 6న శంకుస్థాపన జరిగింది కాబట్టి మీ స్టేషన్ ఇప్పుడు వాల్తేరు (విశాఖపట్నం) డివిజన్ కింద ఉందో రాయగడ కింద ఉందో స్టేషన్ మాస్టర్ని అడిగి చిరునామా రాయండి. డివిజన్ ప్రయాణికుల సలహా సంఘంలో వర్తక సంఘాల ప్రతినిధులకు చోటుంది. గుణుపురం, పర్లాకిమిడి వర్తక సంఘాలు విడివిడిగా కాకుండా ఒకే పేరు ప్రతిపాదిస్తే ఆ కుర్చీ దక్కే అవకాశం ఎక్కువ.