ప్రింట్‌ఎఫ్ సరేనంది, ఫైల్లో మాత్రం తూకం లేదు

సమస్య: సీ ప్రోగ్రామ్ ఏ తప్పూ చూపకుండా ముగిసింది, ఎగ్జిట్ కోడ్ 0, అంటే పని సజావుగా ముగిసిందని. ఫైలు తెరిస్తే చివరి లైను మధ్యలో తెగిపోయి ఉంది.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి నేను రాసిచ్చిన ప్రోగ్రామ్‌లోనే ఇది బయటపడింది. తోతాపురి సీజను, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరాయి. ఆ రోజు కాటా తూకాలన్నీ ఒక ఫైల్లోకి మళ్లించే స్క్రిప్టు, 0 వచ్చింది కాబట్టి పని అయిపోయిందనుకుని అసలు డేటా చెరిపేసింది. ఫైలు సైజు సరిగ్గా 8192 బైట్లు. ఆఖరి లైన్లో ట్రాక్టర్ నంబరుంది, తూకం "4,2" దగ్గర ఆగిపోయింది. రైతుల చేతిలో చీటీలు ఉన్నాయి కాబట్టి వాటిని చూసి మళ్లీ ఎక్కించాం. సైజు ఇలా 4096కి గుణిజంగా కనిపిస్తే ముందు డీఎఫ్ కమాండ్ కొట్టి డిస్కు నిండిందేమో చూడండి. మాది నిండిపోయింది.

కారణం: అవుట్‌పుట్ తెర మీదికి వెళ్తే లైను లైనుకూ బయటపడుతుంది. ఫైలుకు మళ్లిస్తే ముందు బఫర్‌లో (మెమరీలోని తాత్కాలిక నిల్వలో) పోగవుతుంది, లినక్స్‌లో మామూలుగా 4096 బైట్లు నిండితేగానీ కదలదు. సీలో అక్షరాలు రాసే ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్ సరేనంటే అవి బఫర్‌లో పడ్డాయనే అర్థం. మిగిలింది మెయిన్ ముగిశాక ఖాళీ అవుతుంది. అప్పుడు రాయడం విఫలమైనా మీరిచ్చిన రిటర్న్ 0 మారదు.

నిర్ధారణ: లినక్స్‌లో డెవ్ అనే డైరెక్టరీ కింద ఫుల్ అనే పరికరం ఉంది. దానికి ఏం రాసినా చోటు లేదంటూ 28వ నంబరు ఎర్రర్ వస్తుంది. అవుట్‌పుట్ దానిలోకి మళ్లించి ఎగ్జిట్ కోడ్ చూడండి. మనం మొదట నేర్చుకున్న హలో వరల్డ్ కూడా 0 ఇస్తుంది!

పరిష్కారం: ప్రతి ప్రింట్‌ఎఫ్‌నూ తనిఖీ చేయనక్కర్లేదు. చివర్లో స్టడ్‌అవుట్ (ప్రోగ్రామ్ మామూలు అవుట్‌పుట్ వెళ్లే దారి) మీద ముందు ఎఫ్‌ఎర్రర్, తర్వాత మిగిలింది రాసి మూసేసే ఎఫ్‌క్లోజ్ పిలవండి. ఏది తప్పు చెప్పినా, తప్పుల సందేశాలు వెళ్లే స్టడ్‌ఎర్ర్‌లో రాసి 1 తిరిగివ్వండి. ఎఫ్‌క్లోజ్ ఒక్కటే చాలదు: మధ్యలో ఒక రాత పోయి, ఈలోగా ఎవరో చోటు ఖాళీ చేస్తే చివరి రాత సాఫీగా సాగిపోతుంది. మధ్యలో జరిగిన తప్పును గుర్తుపెట్టుకునేది ఎఫ్‌ఎర్రరే.

ఇంత చేసినా స్క్రిప్టుకు 0 కనిపిస్తోందా? అవుట్‌పుట్‌ను నేరుగా జీజిప్‌కు (ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్) అందించి, అంటే పైపు చేసి ఉంటారు. కమాండ్లు నడిపే బ్యాష్ పైపులోని చివరి కమాండ్ కోడే చూపిస్తుంది, ముందున్న కమాండ్ల తప్పు కూడా తెలిసేలా పైప్‌ఫెయిల్ అనే దాని సెట్టింగ్ ఆన్ చేయండి.