కొట్లాట ఎందుకు మొదలైందో కనిపెట్టడం ఎలా

ఊళ్లో ఎవరన్నా కొట్టుకుంటే మనవాళ్లు వెంటనే తేల్చేస్తారు, "వాడి రక్తమే అంత" అని. మనసు మీద పనిచేసిన ఫ్రాయిడ్ 1920లో మనిషిలోనే మరణ ప్రవృత్తి, అంటే నాశనం వైపు లాగే గుణం ఉందన్నాడు, జంతువుల నడతని చదివిన లోరెంజ్ 1963లో దౌర్జన్యం జంతువులకీ మనుషులకీ పుట్టుకతో వచ్చేదేనన్నాడు. సరే, కానీ గొడవ సర్దాల్సినవాళ్లకి ఇది ఎందుకు పనికొస్తుంది? పుట్టుకని మార్చలేం కదా, దీన్ని పక్కన పెట్టేయండి.

ముందు చూడాల్సింది, ఆ మనిషికి అందాల్సింది ఏది అందకుండా పోయిందని. 1939లో యేల్ యూనివర్సిటీలో డాలర్డ్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్లు దీని మీదే సిద్ధాంతం కట్టారు: కావాల్సింది అందకపోతే కలిగే ఆశాభంగమే దాడిగా మారుతుందని. ట్రాక్టర్ బాడుగ పెట్టుకుని కొండపి వేలం కేంద్రానికి పొగాకు బేళ్లు తీసుకెళ్లిన రైతు, కొనేవాడు లేక అవే బేళ్లు వెనక్కి తెచ్చుకుని, కూరలో ఉప్పు తక్కువైందని పెళ్లాం మీదకి పళ్లెం విసిరాడనుకోండి. ఆ గొడవ ఉప్పు గురించి కాదు. వ్యాపారి మీద అరిస్తే రేపు అసలే కొనడు, అందుకని కోపం ఎదురు తిరగలేని మనిషి మీదకి మళ్లుతుంది. కాబట్టి "ఏమైంది" అని అడిగి ఊరుకోకండి, పొద్దున్నుంచి ఎక్కడెక్కడ తిరిగొచ్చాడో, ఎవరు ఏమన్నారో అడగండి. అలాగని వదిలేయమని కాదు, అదేరోజు బేళ్లు వెనక్కి తెచ్చుకున్నవాళ్లందరూ పళ్లేలు విసరరు, ఆ జట్టులోని మిల్లరే 1941లో ఆశాభంగం ప్రతిసారీ దాడిగా మారదని సవరించాడు. (ఇంట్లో కొడుతున్నాడంటే ముందు 112కి ఫోన్ చేయండి, కారణాలు తర్వాత వెతకొచ్చు.)

తర్వాత ఒంటి సంగతి. బెర్కోవిట్జ్ అనే మనస్తత్వవేత్త 1989లో ఆశాభంగమే కానక్కర్లేదు, నొప్పి, ఉక్కపోత, ఏ బాధైనా మనిషిని కోపం వైపు తోస్తుందన్నాడు. అమెరికాలోని ఫీనిక్స్‌లో చేసి 1986లో అచ్చేసిన ఒక అధ్యయనం ఉంది, గ్రీన్ సిగ్నల్ పడ్డాక కావాలనే కారు కదల్చకుండా ఆపి వెనకవాళ్లని గమనించారు: ఎండ పెరిగేకొద్దీ హారన్లు పెరిగాయి, అద్దాలు దించుకున్నవాళ్లలో మరీనూ. రోహిణి కార్తెలో నెల్లూరు రోడ్ల మీద బండి నడిపినవాళ్లకి ఇది కొత్త కాదు. అందుకే పెద్దమనుషుల మాటలు మిట్టమధ్యాహ్నం పెట్టకండి, సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక కూర్చోబెట్టండి.

పక్క కయ్యవాడు తన పొలానికి నీళ్లు రాకుండా మడవ మూశాడని పార ఎత్తినవాణ్ని, కాస్త చల్లబడ్డాక ఒక్కటే అడగండి, "కావాలనే మూశాడని నీకెట్లా తెలుసు?" డాడ్జ్ 1980లో పిల్లల మీద చేసిన పరిశోధనలో, ఎదుటివాడి ఉద్దేశం స్పష్టంగా లేనప్పుడు దూకుడు పిల్లలు దాన్ని చెడుగానే తీసుకున్నారు. మన పంచాయితీల్లో సగం ఇదేనని నా అనుమానం.

బళ్లో పిల్లాడు కొడుతున్నాడంటే ఫోన్‌ని తిట్టేముందు ఇంట్లో ఎవరు చేయి చేసుకుంటున్నారో చూడండి. బండూరా అనే మనస్తత్వవేత్త 1961లో పెద్దవాళ్లు బొమ్మని బాదడం పిల్లలకి చూపిస్తే, వాళ్లూ అట్లాగే బాదారు, అవే మాటలంటూ.

"కోపమంతా కక్కేయ్ అన్నా, తేలికవుతుంది" అని మాత్రం ఎవరికీ చెప్పకండి. 2002లో బుష్‌మన్ పరీక్షిస్తే, కోపం తెప్పించినవాణ్ని తల్చుకుంటూ పంచింగ్ బ్యాగ్ గుద్దినవాళ్లకే కోపం ఎక్కువైంది, ఊరికే కూర్చున్నవాళ్లు నయం. టీ అంగడి దగ్గర చేరి "వాడు నిన్ను అంత మాటన్నాడా" అని మళ్లీ మళ్లీ చెప్పించే స్నేహితుల్ని గొడవయ్యాక ఓ రెండు రోజులు దూరంగా ఉంచండి.