బొంత మీద ఫ్రీ మోషన్ కుట్టు: బట్ట చేతికి పట్టాలంటే

ఫ్రీ మోషన్ అంటే బట్టను చేత్తో ఎటు కావాలంటే అటు జరుపుతూ మిషన్ మీద కుట్టడం. ఇందులో సూది కింద ఉండే మిషన్ పళ్లు బట్టను జరపవు. పళ్లను కిందికి దించుతాం, దించే వీలు లేని పాత మిషన్ అయితే ప్లేటుతో కప్పుతాం. ఇక జరిపే పని మొత్తం చేతులదే. నాలుగైదు పొరల బొంతను ఒట్టి అరచేతులతో నొక్కి జరపబోతే పై పొర ఒక్కటే జారి ముడత పడుతుంది, కాసేపటికే మణికట్టు పట్టేస్తుంది. బట్ట చేతికి పట్టాలి, మిషన్ మీద మాత్రం జారాలి. కింద చెప్పే సామానంతా ఈ రెండింటి కోసమే.

ఏం వాడాలన్నది బట్టను బట్టి ఉంటుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలైతే ఒట్టి వేళ్లు చాలు. పాలిస్టర్‌తోనే తంటా. 2017 నుంచి కొన్నేళ్లు తెలంగాణ ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో ఎక్కువ భాగం సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టరే. అవి బొంతలోకి వచ్చాయంటే రబ్బరు లేకుండా పని జరగదు. లోపలి పొరలు నూలువి, పైది మాత్రమే పాలిస్టర్ ఉండేలా చూసుకుంటే సగం బాధ తగ్గుతుంది.

అన్నిటికంటే చవక, మా లెక్కలో అన్నిటికంటే మేలు, నోట్లు లెక్కపెట్టేవాళ్లు వేలికి పెట్టుకునే రబ్బరు తొడుగులు. స్టేషనరీ దుకాణంలో దొరుకుతాయి. రెండు చేతుల చూపుడు వేలికి, మధ్య వేలికి కలిపి నాలుగు కావాలి. బొటనవేలు ఖాళీగా ఉంచితే దారం ఎక్కించడానికి తీయాల్సిన పని ఉండదు. వేలికి బిగువుగా ఉండాలి. వదులైతే తొడుగు అక్కడే ఉండి వేలు లోపల తిరుగుతుంది. అవి దొరక్కపోతే గిన్నెలు తోమే రబ్బరు గ్లోవ్స్ వేళ్ల కొసలు అంగుళంపావు పొడవున కత్తిరించుకోవచ్చు.

గ్లోవ్స్ కొంటే సన్నని నైలాన్ అల్లికవి, వేళ్ల కొసలకు మాత్రమే రబ్బరు పూత ఉన్నవి కొనండి. హార్డ్‌వేర్ దుకాణాల్లో చుక్కలున్న నూలు గ్లోవ్స్ ఉంటాయి, బరువులెత్తడానికి బాగుంటాయి గానీ వేళ్ల చివర వదులుగా వేలాడి సూది కిందికి పోతాయి. వాడొద్దు. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండకు ఏ గ్లోవ్స్ అయినా చెమటతో తడిసిపోతాయి. అప్పుడు తొడుగులకే మారడం మంచిది.

మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు చెక్క పట్టీలు మేలు. 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున్న ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకుని, అడుగున పలచని రబ్బరు మ్యాట్ అతికించి, పైన సొరుగు పిడి బిగించండి. పెద్ద పెద్ద వంపులకు ఇవి బాగా పనికొస్తాయి. చిన్న పువ్వులకు, మూలలకు పనికిరావు. మిషన్ ఎంబ్రాయిడరీకి వాడే చెక్క రింగు గురించి చాలామంది అడుగుతారు. ఒక్క పొర బట్టకు అది సరే, బొంత మందానికి బిగియదు. బలవంతంగా బిగిస్తే గుండ్రని మచ్చ మిగులుతుంది.

కుట్టే ముందు బొంత మీద ప్రతి 4 అంగుళాలకు ఒక పిన్నీసు పెట్టాలి. పొరలు జారకుండా ఆపేది గ్లోవ్స్ కాదు, ఈ పిన్నులే. సూది దగ్గరికి రాగానే తీసేయాలి. 16 నంబరు సూది, ఫ్రీ మోషన్‌కు వాడే స్ప్రింగున్న డార్నింగ్ ఫుట్ వేసి, ఫుట్ లివర్ దించండి. ఈ ఫుట్ దించినా బట్టను గట్టిగా నొక్కదు కాబట్టి లివర్ సంగతి మరిచిపోతారు. లివర్ పైనుంటే పై దారానికి బిగువు ఉండదు, కింద దారం ఉండకడుతుంది.

మొదట కింది దారాన్ని పైకి లాగి, రెండు దారాలూ పట్టుకుని, అక్కడికక్కడే మూడు నాలుగు కుట్లు వేయండి. చేతులు రెండూ సూదికి అటూ ఇటూ మూడంగుళాల దూరంలో ఉంచి, ఆ మధ్య భాగమే కుట్టండి. అది అయిపోతే సూది బట్టలో దిగి ఉండగా ఆపి, అప్పుడు చేతులు జరపండి. నడుస్తుండగా చేతులు మారిస్తే గీత ఎగురుతుంది.

అంగుళానికి 10 నుంచి 12 కుట్లు పడాలి. చేయి తొందరపడితే కుట్లు పొడుగవుతాయి. ముఖ్యంగా వంపుల్లో బట్టను గుంజితే అడుగున దారం కనురెప్ప వెంట్రుకల్లా బయటికి లేస్తుంది. అక్కడ చేయి నిదానించి, కాలు మాత్రం అదే వేగంతో ఉంచాలి. బట్ట లాగినప్పుడు సూది వంగి ప్లేటుకు తగిలి విరుగుతుంది కూడా. బట్ట సూదితో పాటు పైకి లేస్తుంటే కుట్టు తప్పుతుంది, ఫుట్‌ను ఇంకొంచెం కిందికి సర్దండి.

ఎన్ని తొడుగులు పెట్టినా బొంత బల్ల అంచు నుంచి వేలాడుతుంటే లాభం లేదు. ఆ బరువే చేతిని వెనక్కి లాగుతుంది. మిషన్‌కు ఎడమ పక్క, వెనక పక్క మిషన్ ఎత్తుకు సమంగా మంచమో బల్లో వేయండి. సూదికి, మిషన్ స్తంభానికి మధ్య జానెడు కూడా ఉండదు కాబట్టి అటు పక్క బొంతను చుట్టి బట్టల క్లిప్పులు పెట్టండి. మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు రండి. మిషన్ పలకకు నూనె మరకలు లేకుండా తుడిచి, నున్నగా జారే టెఫ్లాన్ షీటు పరిచి, సూది దిగే చోట చిన్న రంధ్రం చేస్తే బట్ట సులువుగా కదులుతుంది. షీటు కదలకుండా అంచులకు టేపు వేయాలి, లేకపోతే దాన్నీ బొంతకే కలిపి కుట్టేస్తారు.

రబ్బరుకు దూది నుసి పట్టితే పట్టు పోతుంది. సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే రబ్బరు పగులుతుంది.